వడ్డికాసుల లెక్క

మా ఊరు వెంకటాచలం. నెల్లూరి నుంచి చెన్నపట్నం పోయే పెద్దరోడ్డు మీద, రైలు స్టేషనుతో సహా, నలుగురి కంటా పడేటట్లే ఉంటుంది. అయినా కొత్తవాళ్ళకు మా ఊరి పేరు చెబితే ముందు చేతులు జోడించి, ఆ తర్వాత ఎక్కడండీ అని అడుగుతారు. తిరుమల కొండ పేరు గదా! ఆ పేరు పెట్టుకున్నందుకు మేమంతా స్వామివారికి కొంచెం దగ్గరి చుట్టాలమనే భ్రమలో బతుకుతూంటాం. చుట్టరికం మాట ఎలా ఉన్నా, ఆయన బాకీ సంగతి మాత్రం నాకీమధ్య తరచుగా జ్ఞాపకం వస్తున్నది.

తెలుగుదేశంలో అందరికన్నా పేరుమోసిన బాకీదారు ఎవరంటే ఆ స్వామే. పద్మావతీ కల్యాణానికి డబ్బు చాలక కుబేరుడికి పత్రం రాసిచ్చి అప్పు తెచ్చుకున్నాడనీ, ఏటేటా వడ్డీ కట్టుకుంటూ అసలు కలియుగాంతాన తీర్చేటట్టు ఒడంబడిక అనీ పెద్దలు చెబుతారు. వడ్డికాసులవాడన్న పేరు అందుకే వచ్చిందంటారు. భక్తులు ఈ కథలో లీలను చూస్తారు. నేను కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనుక చాలాకాలం కథనే చూశాను. మా బావగారి పుణ్యమా అని ఇప్పుడు అందులో ఉన్న వ్యాపార రహస్యం కూడా కనిపించింది. కుబేరుడేమీ వెర్రివాడు కాదు సుమండీ! బాకీదారుకు రోజూ రాబడి ఉన్నది. హుండీకి వరద లేదు, తెగులు లేదు, పంట విరామం లేదు. అసలు తీర్చే గడువా, యుగాంతం! రాబడి రోజువారీ, గడువు యుగం. ఇటువంటి అప్పు ఎంత ఉన్నా బాకీదారు మునగడు.

ఈ లెక్క తిరగబడితే ఏమవుతుందన్నదే నేనిక్కడ మనవి చేయబోయే సంగతి.

మా బావగారు, అంటే మా పెద్దక్కయ్య భర్త, హైస్కూలు హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగం చివర చేతికి వచ్చిన సొమ్ము బ్యాంకులో కూర్చుని ఉన్నది. ఆ సొమ్ము ఖాళీగా కూర్చోవడం ఆయనకు గిట్టదు. పిల్లలు బల్లల మీద ఖాళీగా కూర్చున్నా ఆయనకు గిట్టేది కాదు. ఆ సొమ్ములోంచే మా అక్కయ్య మోకాళ్ళకు ఆపరేషన్ జరగాలి. డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. ఇంతలో ఎవరో ఒక పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. రొయ్యల్ని శుభ్రం చేసి, గడ్డకట్టించి, పైదేశాలకు ఎగుమతి చేసే ఒక కంపెనీ వార్షిక నివేదిక అది. కంపెనీ పేరు చెప్పను. చెబితే మీకు లాభం లేదు, నాకు మాత్రం నష్టం ఉన్నది. షేరు ధర ఏడాదిలో సగానికి దిగింది. షేరు వద్దనుకుంటే డిపాజిట్ చేసుకోవచ్చు, బ్యాంకు కన్నా వడ్డీ ఎక్కువ అన్నాడట ఆ పుస్తకం తెచ్చినాయన.

"ఏమయ్యా పంతులూ, అమెరికావాళ్ళు రొయ్యలు తినడం మానేస్తారా?" అని అడిగారు మా బావగారు.

"నాకు తెలిసినంతలో మానరండీ."

"మనవాళ్ళు పెంచడం మానేస్తారా?"

"మానరు."

"మరింకేం? తినేవాడున్నాడు, పెంచేవాడున్నాడు. మధ్యనున్న కంపెనీకి వచ్చిన కష్టమేమిటి? అప్పంటావా, అప్పు లేనివాడెవడు?"

అక్కయ్య వంటింట్లోంచి ఏమీ అనలేదు. గిన్నె చప్పుడు కొంచెం పెద్దగా వినిపించింది.

ప్రశ్న మంచిదే. నాకు జవాబు తట్టడానికి మా కండలేరు కాలవ గట్టు అక్కరకు వచ్చింది. నేను బళ్ళో చదువుకునే రోజుల్లో, అంటే 1990 దాటిన తొలి నాలుగైదేళ్ళలో, మా తీరమంతా రొయ్యల గుంటలయింది. చవిటినేలలు సరే, వరి పండే పొలాలు కూడా తవ్వారు. సైకిలు మీద తిరిగేవాడు మోటారు సైకిలెక్కాడు, మోటారు సైకిలువాడు జీపెక్కాడు. అప్పుడు పెంచింది టైగర్ రొయ్య. జపానుకు పోతుందనేవారు. ఊళ్ళో ఉప్పు కొట్టువాడికి కూడా జపాను డబ్బు ధర తెలుసు. వాటాలు అమ్మి, బ్యాంకుల్లో అప్పులు తెచ్చి, పెద్ద పెద్ద కంపెనీలు కూడా వచ్చి గుంటలు తవ్వాయి.

1994, 95 సంవత్సరాల్లో తెల్లమచ్చ తెగులు వచ్చింది. మందు లేని వైరస్ అది. తెల్లవారేసరికి రొయ్యలు గట్టువారకు వచ్చి పడేవి. గుంటల దగ్గర రాత్రింబవళ్ళు మోగే ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే, 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీరప్రాంత నియంత్రణ మండలంలో ఉన్న గుంటల్ని, పాతకాలపు పద్ధతిలో సాగేవి తప్ప, తీసివేయాలన్నది. ఉప్పు పట్టిన బావుల గురించీ పాడైన పొలాల గురించీ తీరంలోని పేదవాళ్ళు మొరపెట్టుకున్న ఫలితం అది. వాళ్ళ బాధ అబద్ధం కాదు. ఆ తీర్పు అమలు ఆగడమూ, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం రావడమూ తర్వాతి కథ. ఈలోగా వాటాలమ్మి లేచిన కంపెనీలు చాలావరకు మూతపడ్డాయి.

మా వీధిలోనే ఇద్దరుండేవారు. పక్కపక్క గుంటలు, ఒకే హేచరీ పిల్ల, ఒకే మేత. తెగులు ఒకే వారంలో ఇద్దరి గుంటల్లోకీ వచ్చింది. ఒకాయన సొంత డబ్బు పెట్టాడు. రెండేళ్ళు తిట్టుకుంటూ వరి వేసుకున్నాడు. 2009లో వనామి రొయ్యకు ప్రభుత్వం అనుమతి ఇచ్చాక మళ్ళీ గుంట తవ్వాడు, ఈనాటికీ సాగుచేస్తున్నాడు. రెండో ఆయన అప్పు తెచ్చి పెట్టాడు. ఆయన పొలం 1997లో చేతులు మారింది. వనామి వచ్చేనాటికి ఆయనకు తవ్వడానికి నేల లేదు. రొయ్య ఇద్దరికీ ఒకలాగే చచ్చింది. అప్పు ఒకరికే ఉన్నది.

తెలుగువాణ్ణి గనుక ఒక మాట చెప్పనివ్వండి. వడ్డి అనే మాట వృద్ధి నుంచి వచ్చింది. పెరగడమని అర్థం. పైరూ పెరుగుతుంది, రొయ్యా పెరుగుతుంది, వడ్డీ పెరుగుతుంది. ఒకటే తేడా. రొయ్యకు మేత చాలకపోయినా, నీటిలో గాలి తగ్గినా, మబ్బు పట్టినా పెరగడం ఆగుతుంది. వడ్డీకి మబ్బు పట్టదు.

మా బావగారు లెక్కల మేష్టారు. మాటలతో ఆయన్ని ఒప్పించలేమని కాగితం తీశాను. ఒక కంపెనీ నూరు రూపాయల రొయ్యలు కొని నిలవచేసింది. అందులో సొంత డబ్బు ఇరవై, బ్యాంకు డబ్బు ఎనభై. నూటికి ఏడాదికి పది చొప్పున ఆరు నెలల వడ్డీ నాలుగు రూపాయలు. సరుకు ధర నూటికి పదిహేను పెరిగితే చేతికి 115 వస్తాయి. బ్యాంకుకు 84 పోగా మిగిలేది 31. ఇరవై రూపాయల మీద పదకొండు లాభం! ఇందుకే అప్పు అంత తియ్యగా ఉంటుంది. ధర అదే పదిహేను తగ్గిందనుకోండి, 85 వస్తాయి. బ్యాంకుకు మళ్ళీ 84. మిగిలేది ఒక్క రూపాయి. అప్పు లేనివాడు నూటికి పదిహేను పోగొట్టుకుని ఇంటికి వెళ్ళి అన్నం తింటాడు. అప్పున్నవాడికి ఇరవైలో పంతొమ్మిది పోయాయి. అదే సముద్రం, అదే రొయ్య, అదే ధర.

"కాబట్టి షేరు సగానికి దిగిందంటే చవక అని అర్థం కాదన్నమాట," అన్నారు బావగారు కాగితం వంక చూస్తూ.

"ఇరవైలో పంతొమ్మిది పోవడానికి ఇంకా దారి మిగిలే ఉన్నదని కూడా కావచ్చునండీ."

ఇక గడువుల సంగతి. ఎగుమతి కంపెనీ డబ్బు ఏ దారిన తిరుగుతుందో చూడండి. వనామి గుంటలో మూడు నాలుగు నెలలుండి పట్టుబడికి వస్తుంది. పట్టిన రైతుకు డబ్బు రోజుల్లో ఇవ్వాలి, లేకపోతే వచ్చేసారి సరుకు పక్క కంపెనీకి పోతుంది. కొన్న సరుకును తలలు తీసి, కౌంటు ప్రకారం వేరుచేసి, గడ్డకట్టించి, కోల్డ్ స్టోరేజిలో పెట్టి, కంటైనరు నిండాక ఓడ ఎక్కించాలి. ఓడ వారాల తరబడి పోతుంది. అక్కడి వ్యాపారి సరుకు అందిన తర్వాత నెలకో రెండు నెలలకో డబ్బు పంపుతాడు. ఈ మధ్యకాలమంతా నడపడానికి బ్యాంకు ప్యాకింగ్ క్రెడిట్ అనే అప్పు ఇస్తుంది. దానికి నెలల్లో గడువు. పంటకు తేదీ లేదు, ఓడకు ఇంచుమించు తేదీ, కొన్నవాడి చెల్లింపుకు వాడి మంచితనమే తేదీ. అప్పుకు ఒక్కదానికే కచ్చితమైన తేదీ! బర్రెను నీళ్ళలో ఉంచి బేరమాడినట్లు అంటారు గదా. ఇక్కడ బర్రె నీళ్ళలో ఉండగానే వాయిదా కూడా కట్టాలి.

మా నెల్లూరి సీమకు ఇది కొత్త పాఠం కాదు. పదమూడో శతాబ్దంలో కరువుకు మందల్ని తోలుకుని మా బయళ్ళకు వచ్చిన కాటమరాజుకూ, నెల్లూరి ప్రభువుకూ పుల్లరి దగ్గర పేచీ వచ్చి యుద్ధమయింది. ఖడ్గతిక్కన ఆ యుద్ధంలోనే పడిపోయాడు. గడ్డి మొలవడం వానదేవుడి చేతిలోనూ, పుల్లరి కట్టడం మనిషి చేతిలోనూ ఉన్నంతకాలం ఈ తగాదా తప్పదేమో!

పంట ఇంటికి వచ్చినా గండాలు తీరవు. సరుకులో నిషిద్ధమైన యాంటీబయాటిక్ జాడ కనిపిస్తే యూరపు రేవులో కంటైనరు తిప్పి పంపుతారు. అమెరికా 2005లోనే మన రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం వేసింది. 2025 ఆగస్టులో, ఉన్న పన్నులకు తోడుగా, మన సరుకుల మీద మొదట 25 శాతమూ, అదే నెల 27 నుంచి మరో 25 శాతమూ వేసింది. మన రొయ్యకు అన్నిటికన్నా పెద్ద గిరాకీదారు ఆ దేశమే. ఎక్కడో వాషింగ్టనులో ఒకాయన సంతకం పెడితే ముత్తుకూరు గుంట గట్టు మీద కిలో ధర పడిపోయింది. సుంకం తర్వాత తగ్గిందా, పెరిగిందా అన్నది వేరే సంగతి. గుంటలో రొయ్యను నాలుగు నెలలు పెంచేవాడికీ, ఆరు నెలలకు అప్పు తెచ్చేవాడికీ, ఒక రాత్రిలో మారే ధర మీద బతుకు ఆధారపడటమే గండం. ఎగుమతిదారుల ఇబ్బంది చూసి రిజర్వు బ్యాంకు 2025 నవంబరులో ఎగుమతి అప్పుల గరిష్ఠ గడువును ఏడాది నుంచి 450 రోజులకు పెంచింది. జబ్బు గడువులోనే ఉన్నదని రిజర్వు బ్యాంకుకూ తెలుసునన్నమాట.

పైదేశం దాకా ఎందుకు, మన ప్రభుత్వమూ తక్కువది కాదు. బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని 2023 జూలై 20న ఆపేసింది. 2024 సెప్టెంబరు చివరిదాకా ఆ నిషేధం ఉన్నది. మన ఇంట్లో బియ్యం ధర పెరగకూడదని చేసిన పని. గృహస్థుగా నేను తప్పు పట్టను. కాని అప్పు తెచ్చి మిల్లు పెట్టి, ఓడకు ఒప్పందం రాసుకున్న వ్యాపారికి ఆ పధ్నాలుగు నెలలూ వడ్డీ ఆగలేదు.

రొయ్యలకూ బియ్యానికీ మాత్రమే ఈ గాచారం అనుకోకండి. బెంగుళూరులో కరుటూరి గ్లోబల్ అనే కంపెనీ ఉండేది. గులాబీ పూలు పెంచి యూరపుకు పంపేది. 2007లో ఆఫ్రికాలో కెన్యా దేశపు నైవాషా సరస్సు దగ్గర ఒక పెద్ద పూలతోట కొన్నది. ప్రపంచంలో గులాబీలు పెంచేవాళ్ళలో పెద్దదన్న పేరు తెచ్చుకున్నది. పూలతో తృప్తి పడక ఇథియోపియాలో గాంబెల్లా ప్రాంతాన లక్ష హెక్టార్ల భూమి కౌలుకు తీసుకున్నది. లక్ష హెక్టార్లంటే రెండున్నర లక్షల ఎకరాలు! 2011లో బారో నది పొంగి మొక్కజొన్న మునిగిపోయింది. 2014లో అప్పిచ్చిన బ్యాంకు కెన్యాలోని తోట మీద రిసీవర్లను కూర్చోబెట్టింది. 2015 చివర ఇథియోపియా ప్రభుత్వం కౌలు రద్దు చేసింది. యూరపువాళ్ళు గులాబీలు కొనడం మానారా? మానలేదు. నైవాషా చుట్టూ పూలు పూయడం ఆగిందా? ఆగలేదు. మా బావగారి ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు. తినేవాడూ ఉంటాడు, పెంచేవాడూ ఉంటాడు. మధ్యవాడు మారిపోతాడు, వాడితోపాటు వాడికి డబ్బిచ్చినవాడు పోతాడు.

అప్పిచ్చినవాడు ఉత్తమర్ణుడు, అప్పు తీసుకున్నవాడు అధమర్ణుడు అన్నారు మన పూర్వులు. మరి షేరు కొన్నవాడెవడో వాళ్ళు చెప్పలేదు. ఆ లోటు 2016లో వచ్చిన దివాలా చట్టం తీర్చింది. కంపెనీ ఆస్తులు అమ్మవలసి వస్తే వచ్చిన డబ్బు వరసలో పంచుతారు. పెళ్ళిలో బంతుల్లాగా అనుకోండి. మొదట ఆ వ్యవహారం నడిపిన ఖర్చులు. తర్వాత కార్మికుల బకాయిలూ, తాకట్టు పెట్టించుకున్న బ్యాంకులూ ఒక బంతి. వాళ్ళ వెనక మిగతా ఉద్యోగులు. తాకట్టు లేకుండా అప్పిచ్చినవాళ్ళు ఆ తర్వాత. ఎక్కువ వడ్డీకి ఆశపడి కంపెనీలో డిపాజిట్ చేసినవాళ్ళది ఈ బంతే. మరికొన్ని బంతులు లేచాక అందరికన్నా చివర షేర్లు కొన్నవాడు కూర్చోవాలి. అప్పటికి గాడిపొయ్యి దగ్గర చారునీళ్ళు ఉంటే అదృష్టం. బ్యాంకులో వేసిన డిపాజిట్‌కు 2020 నుంచి ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా బీమా ఉన్నది. కంపెనీ డిపాజిట్‌కు ఆ బీమా లేదు. రెండు చోట్లా డిపాజిట్ అనే మాట ఒకటే కావడం భాష చేసిన అన్యాయం.

ఇంత చెప్పాను గనుక వ్యాపారంలో డబ్బు పెట్టడమే పాపమని నా అభిప్రాయం అనుకోవద్దు. మా తీరాన రొయ్య మీద వేలాది ఇళ్ళలో పొయ్యి వెలుగుతున్నది. గుంట కాపలావాడి పిల్లలు, ప్లాంటులో చలికి చేతులు తిమ్మిరెక్కుతున్నా రొయ్య వొలిచే ఆడవాళ్ళ పిల్లలు, నా క్లాసులో కూర్చుంటున్నారు. అప్పు లేకుండా ఎగుమతి వ్యాపారం సాగదు కూడా. అప్పున్నదా లేదా అన్నది కాదు, ఆ అప్పును ఎంతకాలం మోయగలరన్నదే అడగవలసిన ప్రశ్న. పిల్లనిచ్చేటప్పుడు అబ్బాయి జీతం అడిగి ఊరుకుంటామా? బాధ్యతలేమిటి, అలవాట్లేమిటి, ఆస్తి తాకట్టులో ఉన్నదా అని నలుగురినీ అడుగుతాం. షేరుకు మాత్రం జీతం ఒక్కటే చూసి తాళి కట్టిస్తాం.

మా బావగారు మూడు రాత్రులు కూర్చుని ఆ నివేదికను ఎర్రసిరాతో దిద్దారు. ముప్ఫయ్యేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? నాలుగో రోజున నాకు చూపించారు. లాభం వడ్డీకి ఎన్ని రెట్లని ఒకచోట రాసుకున్నారు. రెట్టింపు కూడా లేదు. అమ్మకాలు నూటికి పది పెరిగితే, రావలసిన బాకీలు నూటికి నలభై పెరిగాయని మరోచోట గీత గీశారు. పుస్తకంలో లాభం ఉన్నది, చేతికి వచ్చిన నగదు మాత్రం మూడేళ్ళుగా తరుగే. ఏడాది లోపల తీర్చవలసిన అప్పు పక్కన పెద్ద ప్రశ్నార్థకం. సరుకులో మూడింట రెండు వంతులు ఒకే దేశానికి. యజమానులు తమ సొంత షేర్లలో సగం తాకట్టు పెట్టిన సంగతి చిన్న అక్షరాల్లో 90 దాటిన పుటలో ఉన్నది. దాని కింద ఆయన రెండు గీతలు గీశారు.

"ముందు పుటలో రంగుబొమ్మలు, వెనక పుటలో అప్పులు. మా స్కూల్లో ప్రోగ్రెస్ కార్డు ఇలా రాసుకొస్తే తండ్రిని పిలిపించేవాణ్ణి," అన్నారు.

"అయితే కొనరా?" అన్నాను.

"అడిగి తెలుసుకుని కొంటాను. అడగకుండా వదిలిపెడితే అదీ అన్యాయమే గదా."

కంపెనీ వారికి ఆయనే చక్కని ఇంగ్లీషులో ఉత్తరం రాశారు. మార్చిలో తీర్చవలసిన అప్పు ఏ డబ్బుతో తీరుస్తారు, పాత బాకీల్లో ఆరు నెలలు దాటినవెన్ని, ఆ ఒక్క దేశం కొనడం తగ్గిస్తే ఎక్కడ అమ్ముతారు అని మూడు ప్రశ్నలు. ప్రశ్నకు ఇన్ని మార్కులని మాత్రం వేయలేదు. రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచుకున్నారు.

నెల దాటింది. జవాబు రాలేదు. ఆయన పోస్టుమాన్ సైకిలు బెల్లు వినిపించినప్పుడల్లా వాకిట్లోకి వస్తున్నారు. మా అక్కయ్య ఆయన్ని ఏమీ అనకుండా, నెల్లూరు ఆసుపత్రికి వెళ్ళి ఆపరేషన్‌కు తేదీ తీసుకుని వచ్చింది.